బరువు తగ్గితే ముఖం ఎందుకు పీక్కుపోతుంది?

ఇటీవల తెనాలిలో ఒక పెళ్లికి వెళ్లాం. మా చిన్నాన్నను చూసినవాళ్లంతా ఒక క్షణం ఆగి, పోల్చుకుని, ఆ తరువాతే పలకరించారు. "ఏమిటి బావా, ఇలా ఎండిపోయావు?" అని ఒకరు. "ఒంట్లో బాగానే ఉంటోందా అన్నయ్యా?" అని మరొకరు. ఒక పెద్దావిడ అయితే ఆయన్ను పలకరించకుండా మా పిన్నిని పక్కకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి, "డాక్టర్లు ఏమంటున్నారమ్మా?" అని అడిగింది.

డాక్టర్లు భేషుగ్గా ఉందంటున్నారు. ఆయనకు 54 ఏళ్లు, పదేళ్లుగా షుగరు. వారానికోసారి వేసుకునే ఇంజెక్షను మొదలుపెట్టాక ఎనిమిది నెలల్లో 96 కిలోల నుంచి 78కి దిగారు. మూడు నెలల సగటు చక్కెర తొమ్మిది దాటి ఉండేది, ఇప్పుడు ఆరు చిల్లర. రక్తపోటు మాత్రల్లో ఒకటి ఆపేశారు. రక్తపరీక్ష కాగితం చూస్తే ఆయన వయసు పదేళ్లు తగ్గింది, ముఖం చూస్తే పదేళ్లు పెరిగింది. రెండూ నిజమే. ఒకే మనిషి గురించి ఈ రెండు సాక్ష్యాలూ ఎలా నిజమవుతాయన్నదే అసలు ప్రశ్న.

ఈ రూపానికి అమెరికాలో 2023 ప్రాంతంలో, ఇలాంటి ఇంజెక్షన్లలో ఒకటైన ఓజెంపిక్ మీదుగా, ఒక పేరు పుట్టింది: ఓజెంపిక్ ముఖం. న్యూయార్క్ చర్మవైద్యుడు పాల్ జారడ్ ఫ్రాంక్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. పేరు అతుక్కుపోయింది కానీ, అది తప్పుదారి పట్టించే పేరని నా అభిప్రాయం. ఓజెంపిక్‌లో ఉండే సెమాగ్లూటైడ్ అనే మందు ఆకలిని తగ్గిస్తుంది, పొట్ట ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది, క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలకు తోడ్పడుతుంది. ముఖంలోని కొవ్వును వెతికి పట్టుకుని కరిగించే శక్తి దానికి లేదు. పొట్ట తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ల ముఖాలు అంతకు ముందు నుంచీ ఇలాగే మారుతున్నాయి. కొన్నేళ్ల కిందట తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా సాగిన కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ చేసినవాళ్లను గుర్తు తెచ్చుకోండి. ఆ బుగ్గలు ఏ ఇంజెక్షనూ లేకుండానే లోపలికి పోయాయి.

మందులు తెచ్చిన కొత్తదనం పరిమాణంలో ఉంది. 2021లో వెలువడిన ప్రయోగ ఫలితాల్లో సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. మందు లేని సూది వేయించుకున్నవాళ్లు తగ్గింది 2.4 శాతమే. మరుసటి ఏడు ఇదే కోవలోని టిర్జెపటైడ్ అనే మరో మందు పెద్ద మోతాదుతో 72 వారాల్లో ఈ లెక్క 20.9 శాతానికి చేరింది. వంద కిలోల మనిషి ఏడాదిన్నరలో ఇరవై కిలోలు దిగడం ఇంతకు ముందు ఆపరేషను బల్ల ఎక్కితే తప్ప అరుదు. ఇప్పుడు అది ఇంట్లో సూదితో జరుగుతోంది. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో పేరుతో టిర్జెపటైడ్, జూన్‌లో వెగోవీ పేరుతో సెమాగ్లూటైడ్ అమ్మకానికి వచ్చాయి. కాబట్టి చిన్నాన్న ముఖంలాంటి ముఖాలు ఇకపై ప్రతి పెళ్లిలోనూ కనబడతాయి.

బుగ్గల కింద ఏముంది?

"నాకు తగ్గితే ముందు ముఖంలోనే తగ్గుతుంది" అని దాదాపు అందరూ అంటారు. ముందు తగ్గేది ముఖంలోనే అని కాదు, ముందు కనబడేది అక్కడ. పొట్ట మీది కొవ్వు మూడు కిలోలు పోయినా చొక్కా దాన్ని దాచేస్తుంది. ముఖంలో ఉన్న కొవ్వే కొంచెం, దాని మీది చర్మం పలచన, పైన కప్పే గుడ్డ లేదు. అక్కడ కొన్ని గ్రాములు కదిలినా ఎదుటివాళ్ల కంటికి దొరికిపోతుంది. టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ముఖాల ఫొటోలను కంప్యూటర్‌లో కొద్దికొద్దిగా సన్నబరిచి చూపించి, ఎంత తేడాను జనం పసిగడతారో 2015లో లెక్క కట్టారు. సగటు ఎత్తున్న మనిషిలో నాలుగు కిలోల లోపు మార్పునే పసిగట్టారు. "ఇప్పుడు బాగున్నారు" అనిపించడానికి మాత్రం దాదాపు రెట్టింపు తగ్గాలి.

ముఖంలోని కొవ్వు చర్మం కింద ఒకే పొరగా పరుచుకుని ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 2007లో డాలస్‌లో రాడ్ రోరిక్, జోయెల్ పెసా అనే ఇద్దరు ప్లాస్టిక్ సర్జన్లు మృతదేహాల ముఖాల్లోకి నీలిరంగు ఎక్కించి చూశారు. రంగు ముఖమంతా వ్యాపించలేదు. ఒక హద్దు దాకా వెళ్లి ఆగిపోయింది. ఎక్కడ ఎక్కిస్తే అక్కడ ఒక అర నిండింది తప్ప, పక్క అరలోకి పోలేదు. ముక్కు పక్కన ఒకటి, చెంప మధ్యలో ఒకటి, కణత దగ్గర ఒకటి, దవడ అంచున మరొకటి. వీటి అడుగున, ఎముకను ఆనుకుని, మరో వరుస. పైవరుస ముఖానికి నునుపునిస్తే, అడుగువరుస దానికి ఎత్తునిస్తుంది.

ఆ పెళ్లిలో వేసిన షామియానానే తీసుకుందాం. నిలువు గుంజలు గుడ్డను ఎత్తి పడతాయి, తాళ్లు దాన్ని అక్కడక్కడ బిగించి కడతాయి. రాత్రి భోజనాలయ్యాక కుర్రాళ్లు గుంజలు తీస్తున్నప్పుడు చూశాను. తాడు కట్టిన చోట గుడ్డ కదల్లేదు, తాడుకీ తాడుకీ మధ్య జోలెలా జారింది. ముఖంలో లోతు కొవ్వు అరలే గుంజలు. చర్మాన్ని ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్లు తాళ్లు. కొవ్వు తగ్గినప్పుడు లిగమెంట్లు తమ చోటే ఉంటాయి, వాటి మధ్య చర్మం దిగుతుంది. ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా గీత లోతుగా పడడానికి, దవడ అంచు మీద చిన్న సంచి వేలాడడానికి, చెంప దిగి కంటి కింది ఉబ్బు బయటపడడానికి కారణం ఇదే. కణతల కథ కొంచెం వేరు. అక్కడ కొవ్వుతోపాటు నమిలే కండ కూడా తగ్గితే, పైఎముక గట్టు తేలి మనిషి జబ్బుగా కనిపిస్తాడు.

మొదటి రెండు మూడు వారాల్లో కథ దీనికి తలకిందులుగా ఉంటుంది. అన్నం, ఉప్పు తగ్గించగానే ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉన్న చక్కెర ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి, దానితో ఆ నీరూ పోతుంది. ముఖం ఉబ్బు దిగి, దవడ గీత తేలి, "అబ్బ, ఎంత బాగున్నావు!" అనిపిస్తుంది. సెల్ఫీలన్నీ ఈ దశలోనివే. దీన్ని చూసి మరో పదిహేను కిలోలు తగ్గితే ఇంకెంత బాగుంటామో అనుకుంటాం. ఆ లెక్క అలా పెరగదు. నీరు పోయాక కొవ్వు వంతు వస్తుంది. దాని దగ్గర ప్రతి ముఖానికీ ఒక మలుపు ఉంటుంది, ఆ మలుపు ఎక్కడన్నది చాలావరకు వయసు నిర్ణయిస్తుంది.

పాతికేళ్ల కుర్రాడు, చిన్నాన్న ఒకే శాతం తగ్గారనుకుందాం. కుర్రాడి చర్మం రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది. చర్మానికి గట్టితనం ఇచ్చేది కొలాజెన్, సాగి వెనక్కి వచ్చే గుణం ఇచ్చేది ఎలాస్టిన్. కొలాజెన్ యౌవనం దాటాక ఏటా కొద్దికొద్దిగా తరుగుతుంది. ఎలాస్టిన్ ఇంకా పిసినారి: దాన్ని శరీరం ఎక్కువగా చిన్నతనంలోనే తయారుచేసుకుని, జీవితమంతా దానితోనే నెట్టుకొస్తుంది. ఎండ, సిగరెట్టు రెండింటినీ తినేస్తాయి. ఇరవై ఏళ్లు సాగి ఉన్న చర్మం ఎనిమిది నెలల్లో ముడుచుకోలేదన్నది కాన్పులైన తల్లులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

వయసుకూ కొవ్వుకూ ఉన్న ఈ బేరాన్ని బాగా పట్టిచ్చింది కవలల మీద జరిగిన ఒక అధ్యయనం. క్లీవ్‌లాండ్ ప్లాస్టిక్ సర్జన్ బామన్ గయురాన్ బృందం 186 జతల ఒకే పోలిక కవలల ఫొటోలను పరిశీలకులకు చూపించి, ఎవరికి ఎంత వయసు ఉంటుందో అంచనా వేయించింది. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. నలభై ఏళ్లలోపు జతల్లో బరువైన కవల పెద్దగా కనిపించారు. నలభై దాటాక లెక్క తిరగబడింది: బీఎంఐ, అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, నాలుగు పాయింట్లు ఎక్కువున్నవారే చిన్నగా కనిపించారు. అయిదున్నర అడుగుల మనిషికి నాలుగు పాయింట్లంటే పదకొండు కిలోల పైమాటే. ఒకే జన్యువులు, ఒకే పుట్టినరోజు, తేడా బుగ్గల్లోని కొవ్వులో. వయసును ఆ కొవ్వు దాచిపెడుతోంది. చిన్నాన్నకు పదేళ్లు కొత్తగా రాలేదన్నమాట. అవి ఎప్పుడో వచ్చి లోపల దాక్కుని ఉన్నాయి, ఎనిమిది నెలల్లో తెర తొలగింది. అదే ఎనిమిదేళ్లలో జరిగి ఉంటే ఎవరూ ఆగి చూసేవారు కాదు.

మెడ సంగతి వేరు

ముఖంలో కొవ్వు పోతే గుంట పడుతుంది. మెడలో పోతే చర్మం వేలాడుతుంది. కారణం అక్కడి కట్టుబడిలో ఉంది. దవడ కింద చర్మాన్ని ఎత్తి పట్టే ఎముక లేదు. రొమ్ము పైభాగం నుంచి దవడ దాకా ప్లాటిస్మా అనే ఒక పలచని కండపొర మాత్రం ఉంది. అది నవారు మంచంలాంటిది, బిగువుగా ఉన్నంతవరకే పని చేస్తుంది. దీనికి పైనా కిందా కొవ్వు ఉంటుంది, రెండో గడ్డం అని మనం వెక్కిరించేది దాన్నే. కొవ్వు ఉన్నప్పుడు నవారు వదులు కనబడదు. అది పోగానే గొంతు మధ్యన ప్లాటిస్మా అంచులు రెండు తాళ్లలా తేలతాయి, వాటి మీద చర్మం మడతలు పడుతుంది. ఒంగోలు ఎద్దు మెడ కింద ఊగే గంగడోలు చూసినవాళ్లకు ఇంతకన్నా వివరించనక్కరలేదు. చిన్నాన్న పాత చొక్కా కాలరు గుండీ పెట్టుకుంటే, కాలరుకూ గొంతుకూ మధ్య నాలుగు వేళ్లు సులువుగా దూరుతున్నాయి.

కానీ మెడను వెనక నుంచి చూస్తే కథ మారిపోతుంది. ఊబకాయం, షుగరు ఉన్న చాలామందికి మెడ వెనక మడతల్లో నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా ఒక పట్టీ ఉంటుంది. మన ఇళ్లలో దాన్ని మురికి అనుకుంటారు. పిల్లల్ని కూర్చోబెట్టి సున్నిపిండితో, పీచుతో తోలు లేచేలా రుద్దుతారు. అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువై చర్మకణాలను అతిగా పెంచినందువల్ల వచ్చిన నలుపు. బరువు తగ్గి ఇన్సులిన్ దిగితే కొన్ని నెలల్లో దానంతట అదే పలచబడుతుంది. చిన్నాన్నకు ఇరవై ఏళ్లుగా ఉన్న ఆ పట్టీ ఇప్పుడు వెతికితే తప్ప కనబడదు. పెళ్లిలో ఎవరూ ఆయన మెడ వెనక చూడలేదు.

ఇంకొకటి అసలే కనబడనిది, మెడ లోపల జరిగేది. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటితే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండవచ్చని డాక్టర్లు అనుమానిస్తారు. గొంతు చుట్టూ పేరుకున్న కొవ్వు పడుకున్నప్పుడు గాలి దారిని నొక్కుతుంది. ఊబకాయంతోపాటు ఈ జబ్బు ఉన్నవాళ్లకు టిర్జెపటైడ్ వాడకాన్ని అమెరికా 2024 డిసెంబరులో అనుమతించింది. అద్దంలో మెడను పాడుచేసిన కొవ్వు నష్టమే గాలి దారిని తెరిచింది.

సన్నని ముఖాన్ని మనం చదివే తీరు

ఆ పెద్దావిడ గొంతు తగ్గించి అడగడం వెనక ఒక తరం జ్ఞాపకం ఉంది. మన భాషలో బరువు పెరగడం "ఒళ్లు చేయడం". నిండు ముఖం కళ. తగ్గితే చిక్కిపోయావు, సగమైపోయావు, ముఖం వాడిపోయింది, కళ తప్పింది. కరువులు, క్షయ చూసిన సమాజానికి ఈ మాటలు ఊరికే రాలేదు.

ఆ తరువాత హెచ్ఐవీ వచ్చింది. 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించాక, లక్షల ప్రాణాలు నిలిచాయి. అందులో ఒకటైన స్టావుడిన్ మాత్రం బుగ్గల్లోని కొవ్వు కణాలనే దెబ్బతీసేది. అది నిజంగా మందు చేసిన పనే. మనిషి బతికాడు, పని చేసుకుంటున్నాడు, కానీ లోపలికి పోయిన బుగ్గలు అతని జబ్బును వీధికి చాటేవి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును క్రమంగా మానేయమని చెప్పింది. నేటి చర్మవైద్యశాలల్లో బుగ్గలు నింపడానికి ఎక్కించే పాలీ లాక్టిక్ ఆమ్లం అమెరికాలో 2004లో మొదట అనుమతి పొందింది ఆ హెచ్ఐవీ బుగ్గల కోసమే.

కాబట్టి అనుమానించడం తప్పు కాదు. మీరు డైటు, మందు ఏమీ మొదలుపెట్టకుండానే ఆరు నెలలు, ఏడాదిలో బరువులో అయిదు శాతం తగ్గితే, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే, ముఖం సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి. షుగరు, క్షయ, థైరాయిడ్, క్యాన్సర్ ఇలాగే తలుపు తడతాయి.

ఏం చేయవచ్చు, ఏది దండగ

తగ్గే బరువంతా కొవ్వు కాదు. అందులో పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి, కండ వంటి కొవ్వు కాని భాగం. ఇంజెక్షను ఆకలిని సగం చేసినప్పుడు కంచంలోంచి ఏది పోతుందో చూడండి. చిన్నాన్న కొన్నాళ్లు ఉదయం రెండు ఇడ్లీ, మధ్యాహ్నం ఇంత మజ్జిగన్నం, రాత్రి ఏమీ లేదు. పప్పు, గుడ్డు, చేప ముందే వెళ్లిపోయాయి. ముద్ద తగ్గినప్పుడు ఆ తక్కువ ముద్దలోనే మాంసకృత్తులు ఎక్కువ ఉండాలి, వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం ఉండాలి. దీనివల్ల బుగ్గలు తిరిగి నిండవు. కండ, చర్మం బాగుచేసుకునే శక్తి నిలుస్తాయి, కణతలు అంతగా లోతు పడవు. మరీ వేగంగా దిగుతుంటే మోతాదు పెంచడాన్ని నెమ్మదించమని డాక్టరును అడగవచ్చు. వారానికి అర కిలో, కిలో అన్నది పాత లెక్కే అయినా ఇప్పటికీ పనికొచ్చేదే.

ముఖ వ్యాయామాల గురించి అందరూ అడుగుతారు. 2018లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు నడివయసు స్త్రీలతో ఇరవై వారాలు, రోజుకు అరగంట వంతున మొదలుపెట్టి, ఇలాంటి వ్యాయామాలు చేయించారు. చూసేవాళ్లు అంచనా వేసిన వయసు దాదాపు 51 నుంచి 48కి దిగింది. వినడానికి బాగుంది, కానీ చివరిదాకా చేసింది పదహారు మందే. ఓపిక ఉంటే చేయండి, నష్టం లేదు. క్రీములతో మాత్రం గుంజలు లేవవు. ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్ ఒక్కటే ఉన్నదాన్ని కాపాడుతుంది, దాన్ని మెడకూ రాయాలి.

ఇక ఫిల్లర్లు, అంటే చర్మం కింద సూదితో ఎక్కించే పూరకాలు. హయలురోనిక్ ఆమ్లంతో గుంటలు నింపితే కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర దాకా నిలుస్తుంది, నచ్చకపోతే కరిగించే ఎంజైము ఉంది. సూది పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చనిపోవచ్చు, అరుదుగా చూపు పోవచ్చు. అందుకని ఇది బ్యూటీపార్లర్ కుర్చీలో చేయించుకునే పని కాదు. వేలాడే మెడకు ఫిల్లర్లు పనికిరావు. వేడి పుట్టించే యంత్రాలు కొంచెం వదులుకు కొంచెం బిగువు ఇస్తాయి. గంగడోలు స్థాయికి వస్తే ప్లాటిస్మాను కుట్టి, మిగులు చర్మం తీసేసే ఆపరేషనే దారి. ఇక, సన్నని ముఖం కోసం బుగ్గల లోపలి కొవ్వు తీయించుకునే ఫ్యాషను ఒకటుంది. పాతికేళ్లకు గుంజలు పీకించుకుని యాభై ఏళ్లకు ఏం చేస్తారో నాకు అర్థం కాదు.

ఏది చేయించుకున్నా బరువు కనీసం ఆరు నెలలు ఒకచోట నిలిచాకే అంటారు మంచి సర్జన్లు. దానికి కారణం ఉంది. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలోపు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని తదుపరి అధ్యయనం చూపింది. కొవ్వు కణాలు చచ్చిపోవు, గాలి తీసిన బెలూన్లలా వేచి ఉంటాయి. దిగుతున్న ముఖానికి నింపిన ఫిల్లరు మళ్లీ ఊరిన ముఖంలో ముద్దలా కనబడుతుంది. పైగా బరువు ఆగాక చర్మం కొన్ని నెలలపాటు తనంతట తాను కొంత సర్దుకుంటుంది.

చిన్నాన్న కూడా ఒక చర్మవైద్యుణ్ణి కలిశారు. ఆయన ఫొటోలు తీసి, ఆరు నెలలాగి రమ్మన్నారు. పిన్నికి ఆ ఆలోచనే నచ్చలేదు. ఆవిడ సమస్య వేరే. పాతికేళ్లుగా ఆయన గురక వింటూ నిద్రపోవడం అలవాటైంది. ఇప్పుడు గది నిశ్శబ్దంగా ఉంటోంది. నడిరాత్రి మెలకువ వస్తే, లైటు వేయకుండా, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూసుకుని మళ్లీ పడుకుంటున్నానని చెప్పింది.